పసివాళ్లది మొండితనమా, క్రమ భావనా? – ఒక పరిశీలన

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని సంపాదక వర్గం వారు కబురు పంపినప్పుడు కవిత రాయాలా, కథ రాయాలా అని కొంత తర్జనభర్జన పడ్డాం. చివరికి మేము చదువుతున్న చదువులోంచే ఒక సంగతి తీసి మీ ముందు పెడదామనుకున్నాం. మేము ముగ్గురం ఈ హాస్టల్లో చదివి వెళ్లినవాళ్లమే. ఒకరిది తెనాలి, ఒకరిది బాపట్ల పక్కన సముద్రానికి దగ్గర ఊరు, మరొకరిది రేపల్లె. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, మిగతా రెండూ బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. అయినా రేపల్లె రైలు ఎక్కాలంటే తెనాలి రాక తప్పదు కదా, మా స్నేహమూ అట్లాగే నిలిచింది.

మా ఇళ్లలో డిగ్రీ పాసయ్యింది మేమే మొదలు. ఇప్పుడు పీజీలో శిశు అభివృద్ధి చదువుతున్నామంటే ఇంట్లో పెద్దవాళ్లకు నవ్వు. "పిల్లల్ని సాకడానికి కూడా కాలేజీ ఉందా అమ్మాయ్? ఇరవై మూడేళ్లొచ్చి ఊళ్లో వాళ్ల పిల్లల్ని చూస్తా కూర్చుంటారా?" అని మా నాయనమ్మ ఒకామె అడిగింది. ఆమె అడిగిన దానికి జవాబు కూడా ఈ వ్యాసంలో కొంత ఉంది.

ఇంతకీ విషయం ఏమిటంటే – ఏడాది దాటి మూడేళ్లు నిండని పిల్లలు ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా గుక్కపట్టి ఏడుస్తారు. కడుపు నిండే ఉంటుంది, జ్వరం ఉండదు, ఎవరూ కొట్టలేదు. ఎత్తుకుంటే దిగిపోతారు, దింపితే పొర్లుతారు. మన ఇళ్లలో ఈ ఏడుపుకి మూడు పేర్లున్నాయి: దిష్టి, మొండి, అల్లరి. దిష్టికి ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తారు, దానివల్ల పిల్లవాడికి నష్టం లేదు. మిగతా రెంటికీ మందు వీపు మీద పడుతుంది. బాధంతా అక్కడే.

ఆ ఏడుపుల్లో కొన్నింటికి నాలుగో పేరు ఒకటి ఉందని చెప్పినావిడ మరియా మాంటిస్సోరి. ఇటలీలో మెడిసిన్ చదివి 1896లో పట్టా పుచ్చుకున్న డాక్టరు. పసిపిల్లలకు పుట్టిన మొదటి సంవత్సరంలోనే మొదలై రెండు మూడేళ్ల దాకా గట్టిగా ఉండే ఒక అవసరం ఉందనీ, తమ చుట్టూ ఉన్న వస్తువులు ఉండే చోట ఉండాలనీ, పనులు జరిగే వరసలో జరగాలనీ వాళ్లు కోరుకుంటారనీ ఆమె రాసింది. దీన్ని క్రమ భావన అందాం. ఇట్లాంటి అవసరం బలంగా ఉండే కాలానికి ఆమె వాడిన మాట సున్నిత దశ. ఈ మాటను ఆమె హ్యూగో డీ వ్రీస్ అనే డచ్చి జీవశాస్త్రవేత్త దగ్గర తీసుకుంది. ఒక రకం గొంగళి పురుగు పుట్టగానే వెలుతురు వైపు పాకుతుంది, అందువల్ల కొమ్మ చివర లేత ఆకులకు చేరుతుంది. పెరిగి ముదురు ఆకులు తినగలిగే నాటికి వెలుతురు మీద ఆ ఆకర్షణ పోతుంది. పని అయిపోయింది కాబట్టి. పసివాళ్లలో క్రమ భావన కూడా అట్లాగే ఒక పని కోసం వచ్చి, పని అయ్యాక సడలిపోతుందని ఆమె అభిప్రాయం.

1936లో వచ్చిన పుస్తకంలో ఆమె చూసిన సంగతులు కొన్ని రాసింది. ఆరు నెలల పాప ఉన్న గదిలోకి ఒకావిడ వచ్చి తన గొడుగును బల్ల మీద పెట్టింది. పాప ఆ గొడుగు వైపే చూసి ఏడుపు మొదలుపెట్టింది. ఇదేదో కావాలంటోందని దగ్గరికి తెస్తే ఇంకా ఏడ్చింది. గొడుగును బల్ల మీద నుంచి తీసి పక్క గదిలో పెట్టాక గానీ ఊరుకోలేదు. బల్ల మీద గొడుగు ఉండటం ఆ పాప ఎరిగిన లోకంలో లేదు! ఇంకోసారి, ఒక తల్లి నడుస్తూ ఉక్క పోసి కోటు విప్పి చేతి మీద వేసుకుంది. వెంట ఉన్న చిన్నవాడు అరిచి గీపెట్టాడు. కోటు తొడుక్కోమని మాంటిస్సోరి చెప్పింది, ఆమె తొడుక్కుంది, వాడు ఊరుకున్నాడు. కోటు ఉండాల్సింది భుజాల మీద, అంతే.

ఇది చదవగానే మాకొక అనుమానం వచ్చింది. కోట్లూ గొడుగులూ ఉన్న ఇళ్ల సంగతి సరే, మన ఇళ్లలో ఇది కనపడుతుందా? అందుకే రెండు సెలవుల్లో మూడు ఊళ్లలో మాకు బాగా తెలిసిన ఇళ్లలో కూర్చుని చూశాం. పిల్లల పేర్లు రాయం, తల్లులకు అట్లాగని మాటిచ్చాం.

ముందు ఒక ముక్క స్పష్టం చేయాలి. క్రమ భావన అంటే శుభ్రత కాదు. ఈ మాట చెప్పగానే రేపల్లెలో ఒక తల్లి పడిపడి నవ్వింది: "మా వోడికి క్రమమా? ఏందమ్మాయ్, పొద్దున లేచిన కాడి నించీ ఇల్లు పీకి పందిరేస్తాడు!" నిజమే, వేస్తాడు. బియ్యం డబ్బా బోర్లిస్తాడు, ఉతికిన బట్టలు లాగేస్తాడు. అదంతా చేతులతో లోకాన్ని తెలుసుకోవడం. కానీ అదే పిల్లవాడు తన పళ్లెం అన్న ముందు పెడితే ఒప్పుకోడు. తను చెల్లాచెదురు చేసేది వేరు, తను లెక్కపెట్టుకుని ఉంచుకున్నది ఎవరో మార్చడం వేరు. ఈ తేడా తెలియక చాలామంది ఈ సంగతిని అక్కడే కొట్టిపారేస్తారు.

అట్లాగే క్రమశిక్షణ వేరు. మనకు ఆ మాట బాగా తెలుసు. గంట, ప్రేయరు, వరస, స్టడీ అవర్, లైట్లార్పడం. అది బయటి నుంచి వచ్చేది, దాని మంచిచెడ్డల మీద మనలో ఎవరి అభిప్రాయం వాళ్లకుంది. పసివాడి క్రమం లోపలి నుంచి వస్తుంది. వాడు ఎవరికీ విధేయుడు కావడం లేదు. "చూశారా, క్రమశిక్షణ ఇప్పటి నుంచే నేర్పాలన్నమాట" అని ఈ వ్యాసం చదివి ఎవరైనా బెత్తం తీసుకుంటే మా శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఇక చూడటం ఎట్లాగో చెబుతాం, ఎందుకంటే ఇది ఎవరైనా చేయగలిగినది. ఒక నోటుబుక్కు, పెన్ను చాలు. గోడ వారగా ఒక చోట కూర్చోవాలి, రోజూ అదే చోట. మీరు చోటు మారిస్తే ఆ పసివాడికి మీరే ఒక కొత్త గొడవ! పిలవకూడదు, నవ్వించకూడదు, చాక్లెట్టు అసలు ఇవ్వకూడదు. మొదటి రెండు రోజులు పిల్ల మిమ్మల్నే చూస్తుంది, మూడో రోజుకి మీరు రోలూ రోకలితో సమానం అయిపోతారు. అప్పుడు రాయడం మొదలుపెట్టాలి. రాసేటప్పుడు 'మొండికేసింది', 'అల్లరి చేశాడు' అన్న మాటలు పనికిరావు, అవి మన తీర్పులు. 'నేల మీద కూర్చుంది, తలుపు వైపు చూసింది, రెండు చేతులతో నెట్టింది' అని రాయాలి. టైము వేసుకోవాలి. ఏడుపు మొదలైతే ఏడుపు గురించి కాదు, అంతకు ముందు ఐదు నిమిషాల్లో ఏం మారిందో వెనక్కి వెళ్లి చూసుకోవాలి. ఎవరు వచ్చారు, ఏది కదిలింది, ఏ పని ముందు చేయాల్సింది వెనక చేశారు. మా నోటుబుక్కుల్లో పనికొచ్చిన పేజీలన్నీ ఈ ఐదు నిమిషాల గురించినవే.

తెనాలిలో ఇరవై నెలల పాప. గడప పక్కన మూడు జతల చెప్పులు ఉంటాయి, తాతవి, నాన్నవి, అమ్మవి. ఒకరోజు తెల్లారుజామున నిమ్మకాయల యార్డుకు వెళ్లే తొందరలో తండ్రి తాత చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. పాప పరుగెత్తుకొచ్చి అతని కాలి దగ్గర కూర్చుని చెప్పు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. "తాత, తాత" అంటోంది. తాత కావాలంటోందనుకుని ఆయన్ని నిద్ర లేపారు. ఆయన ఎత్తుకుంటే ఇంకా గట్టిగా ఏడ్చింది. తండ్రికి కోపం వచ్చి చెయ్యెత్తాడు కూడా. పొయ్యి దగ్గర నుంచి తల్లి చూసి, "నువ్వు మామయ్య చెప్పులేసుకున్నావ్, ఇప్పి చూడు" అంది. విప్పాడు. ఏడుపు ఆగింది. పాప లేచి వెళ్లి తండ్రి చెప్పులు ఒకటి తెచ్చి పెట్టి, మళ్లీ వెళ్లి రెండోది తెచ్చి పెట్టింది. అంతా కలిపి నాలుగు నిమిషాలు. ఇందులో 'తాత' అంటే తాతను పిలవడం కాదు, 'తాతవి' అని చెప్పడం. 'వి' చేర్చడం ఇంకా రాలేదు, అంతే.

రేపల్లెలో రెండున్నరేళ్ల బాబు. వాడికి రోజూ లాల పోసేది అమ్మమ్మ. మొదట కాళ్ల మీద ఒక చెంబు, తర్వాత చేతులు, వీపు, ఆఖరున తల. ఒకరోజు అమ్మమ్మ మినుము తీతకు పోతే పిన్ని పోసింది, మొదటి చెంబే నెత్తిన పోసింది. ఇక చూడండి, వీధి వీధంతా వినపడే ఏడుపు. నీళ్లు కాలాయేమోనని చెయ్యి పెట్టి చూసింది, గోరువెచ్చగానే ఉన్నాయి. సబ్బు ఇంకా రుద్దనే లేదు. తుడిచి లోపలికి తీసుకుపోబోతే నీళ్ల బకెట్టు పట్టుకుని వదలడు. పక్కింటామె అరుగు మీద నుంచి, "ఆళ్ల అమ్మమ్మ కాళ్ల కాడి నించి పోసుద్దే" అని కేకేసింది. పిన్ని కాళ్ల మీద పోసింది. ఏడుపు తగ్గి ఎక్కిళ్లయింది. చేతుల వంతు వచ్చేసరికి వాడే చేతులు చాపాడు. ఆఖరి చెంబుకు తనే తల వంచాడు.

బాపట్ల వైపు ఊళ్లో రెండేళ్లు దాటిన పాప, ఏడేళ్ల అన్న దాగుడుమూతలు ఆడుతున్నారు. వాళ్ల ఇంట్లో మూలన చుట్టిపెట్టిన వల ఉంటుంది. పాప ప్రతిసారీ ఆ వల వెనకే దాక్కుంటుంది, అన్న ప్రతిసారీ అక్కడే పట్టుకుంటాడు, ప్రతిసారీ ఇద్దరూ కేరింతలు. అన్న వంతు వచ్చినప్పుడు వాడు కూడా వల వెనకే దాక్కోవాలి. తెలివి చూపిద్దామని వాడొకసారి నీళ్ల డ్రమ్ము వెనక్కి వెళ్లాడు. పాప వల వెనక చూసింది, మళ్లీ చూసింది, పెదవులు వంకర్లు తిరిగాయి. వెతకలేదు! అన్న బయటికొచ్చి "ఇదుగో" అంటే మొహం తిప్పుకుంది. అన్న తిరిగి వల వెనక కూర్చున్నాక గానీ ఆట సాగలేదు. మాంటిస్సోరి కూడా సరిగ్గా ఇట్లాంటి ఆటనే రాసింది, అక్కడ వలకు బదులు గుడ్డ కప్పిన బల్ల. మనకు దాగుడుమూతలంటే కనిపెట్టడం. ఆ వయసు వాళ్లకు అది ఉండాల్సినది ఉండాల్సిన చోట దొరకడం. అందులోనే వాళ్ల ఆనందం.

ఇంత పట్టుదల దేనికి? ఒక్కసారి మనం హాస్టల్‌కి వచ్చిన మొదటి వారం గుర్తు తెచ్చుకోండి. ట్రంకు పెట్టె ఎక్కడ పెట్టుకోవాలి, ఏ కుళాయికి నీళ్లొస్తాయి, పళ్లెం ఎక్కడ దాచుకోవాలి, పక్కన పడుకునేది ఎవరు – ఇవి తేలేదాకా చదువు బుర్రకెక్కిందా? తేలాక ఆ సంగతులు మళ్లీ ఆలోచించే పనే లేకపోయింది. పసివాడి స్థితి ఇంకా కష్టం. మనం ఒక కట్టడంలో కొత్త, వాడు లోకానికే కొత్త. కాలం వాడికి తెలియదు, 'సాయంత్రం వస్తా' అంటే అర్థం లేదు. వాడి చేతిలో ఉన్న ఆధారాలు రెండే, చోటు, వరస. చెంబు గూట్లో ఉంటుంది, దీపం పెట్టాక బువ్వ, బువ్వ తర్వాత జోజో. ఈ రెండు ఆధారాల మీద మాటలు కూడా నిలబడతాయి. 'గూట్లో', 'మంచం కింద', 'తాతవి' అన్న మాటలు పట్టుబడాలంటే గూడు, మంచం, తాత చెప్పులు రోజూ ఒకే తీరున కనపడాలి. కదిలే మేకుకి ఎవరైనా బట్టలు తగిలించగలరా?

మాంటిస్సోరి చెప్పినదంతా చెప్పినట్టే ఒప్పుకోవాలని మేము అనం. ఫలానా నెలకు ఈ దశ మొదలై ఫలానా నెలకు తలుపు మూసుకుంటుంది అన్నట్టు ఈనాటి పరిశోధకులు చెప్పరు, పిల్లకూ పిల్లకూ తేడా ఉంటుంది. కానీ విషయం మాత్రం గట్టిదే. 1997లో డేవిడ్ ఎవాన్స్, ఆయన తోటివాళ్లు సుమారు 1,500 మంది తల్లిదండ్రులను అడిగి ఒక పరిశోధన ప్రచురించారు. వస్తువులు 'సరిగ్గా అట్లాగే' ఉండాలనడం, ఒకే పని ఒకే వరసలో చేయాలనడం రెండేళ్ల నుంచి నాలుగేళ్ల మధ్య ఎక్కువగా ఉంటుందని, ఆ వయసుకు అది మామూలేనని అందులో తేలింది. అంటే మీ ఇంట్లో పిల్ల వింతదేమీ కాదు.

రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పాలి. అన్ని ఏడుపులూ క్రమం కోసం కావు. ముందు ఆకలి, నిద్ర, జ్వరం, చెవిపోటు చూసుకోవాలి, ఆ తర్వాతే చెప్పుల సంగతి. రెండోది, పిల్ల పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, మాటలు రాకపోవడం లేదా వచ్చిన మాటలు పోవడం, రోజంతా ఒకే వస్తువును వరసగా పేర్చుతూ ఎవరినీ రానివ్వకపోవడం – ఇవి కలిసి కనపడితే 'క్రమ భావనే లే' అని ఊరుకోకూడదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఇట్లాంటి పిల్లలను తొందరగా గుర్తించడానికే పెట్టారు. ఊళ్లో ఆశా కార్యకర్తనో, పి.హెచ్.సి. డాక్టరునో అడగాలి.

మా పాఠ్యపుస్తకాల్లో ఈ పాఠం పక్కన వేసిన బొమ్మలు చూస్తే ఒకటే లోటు. ఎత్తు తక్కువ అల్మారాలు, రంగురంగుల ట్రేలు, చిన్న కుర్చీలు. ఒక్క గది ఇంట్లో ఆరుగురు ఉండే చోట పిల్లలకు క్రమం ఎక్కడ దొరుకుతుందని తరగతిలో ప్రశ్న కూడా వచ్చింది. మేము చూసిందేమిటంటే, ఒక్క గది ఇంట్లో ఉన్నంత క్రమం మేడల్లో ఉండదు. ఉండి తీరాలి మరి! చాప విప్పితే నడిచే దారి పోతుంది, కాబట్టి చాపకు ఒక వేళ, ఒక చోటు. దండెం మీద మగవాళ్ల బట్టలు ఈ కొసకు, ఆడవాళ్లవి ఆ కొసకు. చిలకకొయ్యకు సంచి, గూట్లో దీపం, చూరులో కొడవలి, గడప పక్కన చెప్పులు. వస్తువులు తక్కువ, ప్రతి దానికీ ఇంట్లో అందరికీ తెలిసిన చోటు. ఆ ఇరవై నెలల పాపకు చెప్పుల లెక్క ఎవరు నేర్పారు? ఆ ఇల్లే నేర్పింది. అల్మారా లేనందువల్ల ఏ పసివాడికీ నష్టం లేదు.

అసలు ఈ సంగతులు బయటపడింది కూడా బీదవాళ్ల పిల్లల దగ్గరే. 1907 జనవరి 6న రోము నగరంలో శాన్ లొరెంజో అనే కూలీల పేటలో మాంటిస్సోరి మొదటి బాలల గృహాన్ని తెరిచింది. తల్లిదండ్రులు పనికి పోతే పిల్లలు మెట్ల మీద, గోడల మీద పాడు చేస్తున్నారని ఆ భవనాల యజమానులు పెట్టించిన ఏర్పాటు అది. ఒకరోజు టీచరు ఆలస్యంగా వచ్చేసరికి, తాళం వేయడం మరిచిన బీరువాలోంచి పిల్లలు తమకు కావలసిన సామాను తామే తీసుకుని పనిలో ఉన్నారు. టీచరుకు అది దొంగతనం. మాంటిస్సోరికి మాత్రం, ఏది ఎక్కడుంటుందో ఆ పిల్లలకు తెలుసునని అర్థమైంది. తాళాల బీరువా పోయి అందే ఎత్తు అరలు వచ్చాయి.

ఆమె మన వైపు వచ్చింది 1939 నవంబరులో. దివ్యజ్ఞాన సమాజం వారి పిలుపు మీద మద్రాసు అడయారులో ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చింది, దేశం నలుమూలల నుంచీ సుమారు 300 మంది హాజరయ్యారు. అప్పటికి మన గుంటూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో బ్రిటిషు వారు ఆమె కొడుకు మారియోను నిర్బంధించారు, ఆమె డెబ్భయ్యో పుట్టినరోజుకు విడిచిపెట్టారు. తర్వాత కొంతకాలం కొడైకెనాల్లో ఉంది. మధ్యలో ఒక ఏడాది మినహా 1949 దాకా ఈ ఉపఖండంలోనే పని చేసింది. ఆమె పేరు మీద హక్కు ఎవరికీ లేదు కాబట్టి నేడు ఏ టౌను చూసినా ఆ పేరుతో ఒక బోర్డు కనపడుతుంది. వాటిలో కొన్ని చోట్ల మూడేళ్ల పిల్లలను బెంచీల మీద కదలకుండా కూర్చోబెట్టి ఏ బి సి డి లు రాయిస్తారు. ఆవిడ చూస్తే ఏమనేదో!

ఆమె ఆలోచనలు మన పేటలకు వచ్చిన దారి వేరు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం పెట్టారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్‌తో కలిసి 1945లో ముంబయికి ఉత్తరంగా బోర్డీ అనే ఊళ్లో బాలవాడి మొదలుపెట్టారు. దళితవాడ పిల్లలు బడి ఉన్న చోటికి రాలేకపోతే బడినే వాళ్ల వాకిలికి తీసుకుపోయారు. వాకిలి అంటే అంగన్. అంగన్‌వాడీ అన్న మాటలో ఆ వాకిలి ఉంది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలయ్యాక అది ఊరూరా తెలిసిన మాట అయింది. మన హాస్టల్ అక్కల్లో ఎందరో నేడు అంగన్‌వాడీ టీచర్లు.

అయితే ఇక్కడొక చిక్కుంది. అంగన్‌వాడీలో కూర్చుని ఆడుకునేది మూడేళ్లు నిండినవాళ్లు. క్రమ భావన గట్టిగా ఉండేది అంతకు లోపు. ఆ వయసు పిల్లలకు కేంద్రం నుంచి పోషకాహారం ఇంటికి వస్తుంది గానీ, తల్లి కూలికి పోతే చూసుకునేది ఎవరు? మినుము తీతకో, వరి నాట్లకో తెల్లారకముందే ఆటో వస్తుంది. ముసలమ్మ ఉంటే ముసలమ్మ, లేకుంటే పదేళ్ల అక్క. మనలో ఎంతమంది చంకన చెల్లినో తమ్ముణ్ణో వేసుకుని బడి మానలేదు? పసివాడికి ఈ రోజు అక్క, రేపు పక్కింటామె, ఎల్లుండి చేను గట్టు మీద చీర ఉయ్యాల అయినప్పుడు వాడు ఏడ్చే ఏడుపుకి చెప్పుల కథలాంటి తేలిక మందు లేదు. 2005 ఉపాధి హామీ చట్టంలో ఒక నిబంధన పెట్టారు, పని చోట ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే వాళ్లను చూసుకోవడానికి పనివాళ్లలోంచే ఒక ఆడమనిషిని కేటాయించాలని. మంచి నిబంధన. కానీ ఆ ఆడమనిషి రోజుకొకరు మారితే పిల్లలకు సగం మేలు పోయినట్టే. రోజూ అదే మనిషి, వీలైతే అదే చెట్టు, పడుకోబెట్టే గుడ్డ ఇంటి నుంచి తెచ్చినదే అయితే ఖర్చు పైసా పెరగదు. ఊళ్లో మేస్త్రీలుగా, వార్డు సభ్యులుగా ఉన్న మన పాత విద్యార్థులు ఈ ఒక్క మాట చెప్పి చూడాలి.

2024లో కేంద్ర ప్రభుత్వం పుట్టుక నుంచి మూడేళ్ల దాకా పిల్లల కోసం 'నవచేతన' అనే చట్రాన్ని విడుదల చేసింది. నెలల వారీగా ఇంట్లో పిల్లలతో చేయదగ్గ పనులు అందులో ఉన్నాయి. మూడేళ్ల లోపు వయసును ప్రత్యేకంగా పట్టించుకోవడం మంచి మార్పు. ఇళ్లకు వెళ్లే టీచరక్కలు ఆ పనులతో పాటు ఆ ఇంటి వరస ఏమిటో కూడా అడిగి తెలుసుకుంటే బాగుంటుంది. ఏ వేళకు ఏం చేస్తారు, ఎవరు చేస్తారు, ఏ వస్తువు ఎక్కడుంటుంది. తల్లులకు ఇవన్నీ తెలుసు, ఎవరూ అడగరు కాబట్టి చెప్పరు.

తెలుసని ఎందుకంటున్నామంటే – 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, తీరం వెంబడి జనాన్ని ముందే బడులకు, పునరావాస కేంద్రాలకు తరలించారు. ఆ రాత్రి గురించి ఒక తల్లి మాకు చెప్పింది. చేతిలో ఏడాదిన్నర బాబు. ఒకే గదిలో నలభై మంది, ట్యూబులైటు ఆర్పరు, బయట గాలి హోరు. బాబు పాలు తాగడు, పడుకోడు, తలుపు వైపు చెయ్యి చూపిస్తూ ఏడుపు. ఆమె ఏం చేసిందంటే, బెంచీలు పక్కకు జరిపి గోడ వారగా చోటు చేసుకుంది. ఇంట్లో బాబు ఎప్పుడూ గోడకూ తల్లికీ మధ్య పడుకుంటాడు. ఇంటి నుంచి తెచ్చిన పాత బొంత పరిచింది. తలాపున మంచినీళ్ల చెంబు పెట్టింది, ఇంట్లో పెట్టినట్టే. తన చీర కొంగు వాడి చేతికిచ్చి అటు తిరిగి పడుకుంది. "చెంబులో నీళ్లు కూడా లేవమ్మాయ్, ఊరికే పెట్టా" అంది. కాసేపటికి చెయ్యి చాపి చెంబు తడిమి, నిద్రపోయాడట. ఆమె ఐదో తరగతి చదివింది.

2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు పెద్ద వరద వచ్చి, ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలినప్పుడు రేపల్లె వైపు లంక గ్రామాల వాళ్లదీ ఇదే కథ. వలంటీర్లుగా పోయే మన తమ్ముళ్లు, అన్నలు పాలపొట్లాలు, బ్రెడ్డు పంచుతారు, చాలా మంచి పని. వాటితో పాటు, చంటిపిల్లల తల్లులకు గోడ వార చోటివ్వండి. మొదటి రాత్రి ఇచ్చిన చోటే రెండో రాత్రీ ఉండనివ్వండి, భోజనాల కోసం లేపినా తిరిగి అక్కడికే రానివ్వండి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు రేషను కార్డు, ఆధారు, బ్యాంకు పుస్తకంతో పాటు బిడ్డ బొంత కూడా సంచిలో పెట్టుకోమని ముందే చెప్పండి.

పిల్లల్ని కొట్టవద్దని మన తెలుగులో ఎన్నడో రాసినవారున్నారు. తెనాలిలో బాల్యం గడిపిన చలం గారి 'బిడ్డల శిక్షణ' మన హాస్టల్ లైబ్రరీకి తెప్పించమని వార్డెన్ గారికి ఈ సందర్భంగా మనవి. అందులోని కొన్ని మాటలతో మా ముగ్గురికే ఏకాభిప్రాయం లేదు, అయినా చదవాల్సిన పుస్తకం.

ఇక సంక్రాంతి సెలవులకు ఇళ్లకు వెళ్లే చెల్లెళ్లకు, తమ్ముళ్లకు ఒక పని. మీ ఇంట్లోనో పక్కింట్లోనో మూడేళ్ల లోపు పిల్ల తప్పకుండా ఉంటుంది. మూడు రోజులు గోడ వారగా కూర్చుని చూడండి. ఏడుపు వస్తే అంతకు ముందు ఐదు నిమిషాలు రాయండి. సగం పేజీ అయినా సరే, పిల్ల పేరు లేకుండా, వయసు నెలల్లో వేసి సంపాదక వర్గం వారికి ఇస్తే మాకు చేరుతుంది. మా నాయనమ్మ ఇప్పటికే మొదలుపెట్టింది. ఆమెకు రాయడం రాదు, ఫోన్ చేసి చెబుతుంది. పోయిన వారం చెప్పింది: ఎదురింటి పిల్ల, పద్దెనిమిది నెలలు, సాయంత్రం వాకిట్లో మంచం తూర్పు పడమరలుగా కాకుండా ఉత్తర దక్షిణాలుగా వేశారట, ఎక్కనని ఒకటే గోల. "తిప్పి ఏపిచ్చా, ఎక్కింది" అంది.